శిథిల ప్రజా నిర్మాణాల వల్ల ప్రమాదాలు – న్యాయ బాధ్యత

రోడ్డు, కల్వర్టు, వంతెన, మురుగు కాలువ, విద్యుత్ స్తంభం వంటి ప్రజా నిర్మాణాలు పాతబడి, మరమ్మతుకు నోచుకోక, వాటి వల్ల మనిషి పడినా, అవే మనిషి మీద పడినా, ఆ హానికి వాటి నిర్వాహకులు ఏ మేరకు జవాబుదారులో నిర్ణయించే న్యాయసూత్రాలు ఈ అంశం పరిధిలోకి వస్తాయి. ఒకరి నిర్లక్ష్యం వల్ల మరొకరికి కలిగిన నష్టానికి పరిహారం ఇప్పించే అపకృత్య న్యాయంలో ఇది ఒక భాగం. భారతదేశంలో ఈ న్యాయానికి ప్రత్యేక స్మృతి లేనందున కోర్టు తీర్పులే ప్రధాన ఆధారం. తెలంగాణలో ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబర్ 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో మోరీ మీది పగిలిన బండ మొదలు వాగు మీది లోలెవల్ వంతెన వరకు ఇవి వర్తించే నిర్మాణాలు అనేకం.

ఈ సూత్రాల మూలాలు ఇంగ్లండులో ఉన్నాయి. డెవన్ కౌంటీలో పాడుబడిన వంతెన వల్ల తన బండి దెబ్బతిన్నదని ఒకరు వేసిన దావాను, కౌంటీ ప్రజలు ఒక సంస్థ కారనీ, వారికి ఉమ్మడి నిధి లేదనీ 1788లో కోర్టు కొట్టివేసింది. రోడ్డు బాగుచేస్తూ గొయ్యి తవ్వి వదిలేస్తే బాధ్యత, అసలు బాగే చేయకపోతే బాధ్యత లేదు అన్న అన్యాయమైన భేదం ఆ తర్వాత స్థిరపడి, 1961 నాటి చట్టంతో గాని తొలగిపోలేదు. భారతదేశంలో 1978లో జౌన్‌పూర్ కేసు విన్న అలహాబాద్ హైకోర్టు, చీకట్లో సైకిల్ మీద వెళ్తూ గోతిలో పడిన వ్యక్తి విషయంలో, దీపమూ కంచే లేకుండా గొయ్యి తవ్వించిన పురపాలక సంఘాన్ని బాధ్యురాలిని చేసింది.

రాష్ట్ర ప్రభుత్వం మీద దావాకు మరో అడ్డంకి ఉండేది. కిద్దర్‌పూర్ ఓడల రేవు కార్మికుల చేతిలోని ఇనుప సామగ్రి రోడ్డు మీద పడి గుర్రం గాయపడిన కేసులో 1861 నాటి కలకత్తా తీర్పు, పాలకులు మాత్రమే చేయగల పనులకు రక్షణ ఇచ్చి, ఎవరైనా చేయగల పనులకు పరిహారం తప్పదన్నది. రాజ్యాంగంలోని 300వ అధికరణం పూర్వస్థితినే కొనసాగించింది. సంస్థానాల కలయికతో ఏర్పడిన రాజస్థాన్ విషయంలో సుప్రీంకోర్టు 1962లో ప్రభుత్వాన్ని బాధ్యురాలిని చేసిన తీర్పు, నిజాం పాలన నుంచి వచ్చిన తెలంగాణకూ ఉపయోగపడుతుంది. అయితే 1965 నాటి కస్తూరీలాల్ కేసు తీర్పు ప్రభుత్వ రక్షణ వైపు మళ్లీ వెనక్కి నడిచింది. లా కమిషన్ 1956లోనే తన మొదటి నివేదికలో ప్రభుత్వ బాధ్యతపై చట్టం చేయమని సూచించినా, 1965, 1967 బిల్లులు చట్టం కాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో జప్తు చేసిన ఎరువులు పాడైపోయిన నాగేంద్రరావు కేసులో 1994 తీర్పు ఈ రక్షణను బాగా కుదించింది.

పాతబడటం గురించి నేరుగా చెప్పిన తీర్పు ఢిల్లీ చాందినీ చౌక్ గడియార స్తంభానిది. 1951లో కూలి ప్రాణాలు తీసిన ఆ కట్టడం వయసు సుమారు 80 ఏళ్లు కాగా, అందులో వాడిన గచ్చును బట్టి దాని ఆయుష్షు 40 నుంచి 45 ఏళ్లేనని ఇంజనీరు చెప్పాడు. గచ్చు పట్టుతప్పి పొడిగా మారినట్లు పరీక్షలో తేలింది. లోపం పైకి కనిపించలేదన్న కార్పొరేషన్ వాదనను 1966లో సుప్రీంకోర్టు తోసిపుచ్చి, దారి పక్కన కట్టడం ఉన్నవారు దాన్ని ఎప్పటికప్పుడు తనిఖీ చేయించాలనీ, కనిపించని లోపానికీ వారే బాధ్యులనీ చెప్పింది. ఘటనే సాక్ష్యం పలుకుతుందన్న సూత్రం ఇక్కడ వర్తించింది: నిర్లక్ష్యం జరగలేదని నిరూపించే భారం నిర్వాహకుల మీద పడింది. కట్టడం ఆయుష్షు మీరడమే నిర్వాహకులకు హెచ్చరిక అని నిలిపిన ఈ తీర్పు బాధితుల చేతిలోని అత్యంత బలమైన ఆధారం.

తీర్పులు ఒకే దారిన నడవలేదు. 1975లో రాజ్‌కోట్‌లో చెట్టు కూలి బాటసారి మరణించగా ప్రమాదం ముందుగా ఊహించదగినది కాదని 1997లో సుప్రీంకోర్టు కార్పొరేషన్‌ను విడిచిపెట్టింది. స్కూటరిస్టు మీద ఎండు చెట్టు కొమ్మ పడిన ఢిల్లీ కేసులో 1999లో అదే కోర్టు బాధ్యత మోపింది.

మొదట చెప్పిన మూడు జిల్లాలలో బాధితుడు ముందు ఛేదించవలసిన చిక్కు నిర్మాణం ఎవరి పరిధిలోనిదన్నది. ఒకే ప్రయాణంలో జాతీయ రహదారి, రోడ్లు భవనాల శాఖ రోడ్డు, పంచాయతీరాజ్ రోడ్డు, పురపాలక వీధి ఎదురవుతాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 పురపాలక చట్టం స్థానిక సంస్థల విధులు చెబుతాయి. 2019 సెప్టెంబర్‌లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంలో పాడుబడిన బావుల పూడ్చివేత, తుప్పు పట్టిన స్తంభాల మార్పిడి పనులుగా చేరాయి. అలాంటి ప్రమాదం ముందే తెలుసని చూపడానికి ఈ పనుల రికార్డులు అక్కరకు వస్తాయి. ప్రభుత్వం మీద దావాకు సాధారణంగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. మరణానికి పరిహారం కోరే దావాకు గడువు రెండేళ్లు. గాయపడి మంచాన ఉన్న కూలీకి, రైతుకు ముందస్తు నోటీసు కఠినమైన షరతు. 2024 సెప్టెంబర్ 1న మరిపెడ మండలంలో ఆకేరు వాగు పొంగి ప్రాణాలు తీసినటువంటి సందర్భాలలో దైవాధీనమన్న వాదన వినిపిస్తుంది. అది చెల్లాలంటే ఆ వరద ఊహకు అందనిదై ఉండాలి.

2019లో మోటారు వాహనాల చట్టంలో చేరిన 198ఎ సెక్షన్, రోడ్డు నిర్మాణ, నిర్వహణ ప్రమాణాలు పాటించక మరణానికో అంగవైకల్యానికో కారణమైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తుంది గాని, ఆ సొమ్ము బాధితుడికి నేరుగా అందదు. రైల్వేల తీరు వేరు. రైల్వేల చట్టంలో 1994లో చేరిన 124ఎ సెక్షన్ ప్రకారం రైలు నుంచి ప్రమాదవశాత్తు పడి ప్రయాణికుడు మరణిస్తే, తప్పు ఎవరిదన్న విచారణ లేకుండానే, 2017 నుంచి 8 లక్షల రూపాయలు అందుతాయి. జనగామ, మహబూబాబాద్ స్టేషన్లలో అదే ప్రయాణికుడు పాదచారుల వంతెన అరిగిన మెట్ల మీద జారిపడితే ఈ సెక్షన్ వర్తించదు, నిర్లక్ష్యాన్ని అతడే నిరూపించుకోవాలి.