వస్త్ర ప్రదర్శన నుండి ముద్రణ పుటకు

1851 మే 1న లండన్ హైడ్ పార్కులో, గాజుతోను ఇనుముతోను నిర్మించిన స్ఫటిక సౌధంలో మహా ప్రదర్శన ప్రారంభమైంది. అయిదున్నర నెలలలో దానిని అరవై లక్షల మందికి పైగా సందర్శించారు. యంత్రాల ఘనతను చాటిన ఆ వేదికపై ఈస్టిండియా కంపెనీ భారతీయ వస్త్రాలను కూడా ఉంచింది. వాటిని శ్రద్ధగా పరిశీలించినవారిలో ఓవెన్ జోన్స్ ముఖ్యుడు. సౌధాంతర్భాగపు వర్ణ ప్రణాళిక ఆయనదే. వాస్తుశిల్పి అయిన జోన్స్ డి లా ర్యూ సంస్థకు పేకముక్కల నమూనాలను గీసిన ముద్రణ కళాకారుడు కూడా.

ఆనాటి ఇంగ్లీషు గోడ కాగితాలపై, తివాచీలపై గులాబీలు నీడలతో సహా నిజమైన పూలవలె ఉబికి కనిపించేవి. నీడ పడుతున్న పువ్వుపై కాలు మోపడమెట్లాగో ఎవరూ ఆలోచించలేదు కాబోలు! భారతీయ వస్త్రంపై పువ్వు అట్టి భ్రాంతిని కల్పించదు. అక్కడ ఉన్నవి సమతలంపై రేఖ, రంగు, వాటి నడుమ విడిచిన ఖాళీ. జోన్స్ గ్రహించిన పాఠమిదే. 1856లో వెలువడిన ఆయన గ్రంథం ‘ది గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్’లో 37 సూత్రాలు, 100 వర్ణ ఫలకాలు ఉన్నాయి. భారతీయ ఫలకాలలో పలు నమూనాలు ఆ ప్రదర్శనలో చూసినవే.

ఈ సమతల దృష్టి పనితీరులోనే ఇమిడి ఉన్నదని మచిలీపట్నం అద్దకాన్ని చూస్తే తెలుస్తుంది. కరక్కాయ రసం, గేదెపాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెట్టిన బట్టపై మొదట నల్లని రేఖలను, తరువాత ఎరుపు రావలసిన చోట పటికను టేకు అచ్చులతో అద్దుతారు. రంగు చెక్కతో మరిగించినప్పుడు పటిక తగిలిన మేరకే ఎరుపు నిలుస్తుంది. రంగుకొక అచ్చు. జోన్స్ ఫలకాలు ముద్రితమైన రాతి అచ్చులోనూ రంగుకొక రాయి. ఒకటి మరొకదానికి అనుకరణ కాదు. చిత్రాన్ని రంగులవారీగా విడదీసి ఊహించగల బుద్ధి రెండింటికీ ఒకటే. ఉక్కునగరం భిలాయిలో, నెహ్రూ నగర్ వంటి పేటలలో స్థిరపడిన తెలుగువారికి ఆసక్తి కలిగించే విశేషమొకటి: అద్దకపు నలుపునకు మూలం బెల్లపు నీటిలో పులియబెట్టిన తుప్పు ఇనుమే.

ఈ ఆరాధనకు మరో ముఖమున్నది. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ 700 భారతీయ వస్త్రాల తునకలను 18 సంపుటాలుగా కూర్చాడు. ఈ దేశంలో ఏ బట్ట అమ్ముడవుతుందో బ్రిటిష్ మిల్లుదారులకు తెలియజేయడమే ప్రధానోద్దేశం. మద్రాసు రాజధాని బట్టలూ అందులో ఉన్నాయి. ఒకరికి సౌందర్య పాఠమైన వస్త్రమే మరొకరికి విపణి సమాచారమైంది. మన మగ్గంపై పోటీకి దిగింది ఈ రెండవవారే. తునకలకు ఊరు, కొలత, ధర రాశారు గాని నేసినవారి పేరు, అద్దినవారి పేరు రాయలేదు. సిద్ధమైన 20 ప్రతులలో 13 బ్రిటన్‌లోనే ఉంచి, 7 భారతదేశానికి పంపారు.