ముట్లుడుగు
కడప, కర్నూలు పల్లెల్లో నలభై దాటిన ఆడమనిషికి రెండు మూడు నెలలు ముట్టు రాకపోతే ‘ముట్లుడిగినాయి’ అనేస్తారు. ఆ తొందర మంచిది కాదు. ‘ముట్టు’ అంటే తాకడం. తాకకూడదన్న రోజులకే ఆ పేరు స్థిరపడింది. ‘అంటు’దీ అదే దారి. ‘బహిష్టు’లో ఉన్నది బయట ఉండటం, మన ‘బయట చేరింది’ దాని తోబుట్టువు. ఇక ‘ఉడుగు’ అంటే పూర్తిగా ఆగడం: వాన ఉడిగింది, సత్తువ ఉడిగింది. వరసగా 12 నెలలు ముట్టు రాకపోతేనే ఆ మాట చెల్లుతుంది. ఫ్రెంచి వైద్యుడు గార్డాన్ 1821లో గ్రీకు నుంచి ‘నెల’, ‘ఆగడం’ కలిపి కట్టిన ‘మెనోపాజ్’కీ అర్థం ఇదే. ముట్లుడగడానికి ముందు కొన్నేళ్లు ముట్టు తప్పుతూ, ఒంట్లో సెగలు పుడుతూ, నిద్ర చెదురుతూ గడిచే పెరిమెనోపాజ్ వేరు. అప్పుడు గర్భం రావచ్చు కూడా. నెత్తురు ఎక్కువ పోతే గర్భసంచి తీయించడమొక్కటే దారి కాదు, మందులున్నాయి. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆంధ్ర స్త్రీలలో 8.7 శాతం మందికి తీసేసినట్టు తేలింది. దేశం మొత్తంలో 3.3 శాతమే. అది చదివి నా మనసు కలుక్కుమంది. అమ్మా, ముట్లుడిగాక మళ్లీ నెత్తురు కనిపిస్తే మాత్రం దాచుకోవద్దు, వెంటనే డాక్టరుకు చూపించుకోండి.