దేశాటనమునకు ముందు

కొల్లేటి సీమ యువకులు యూరోపులోని నాలుగైదు దేశములను స్వయముగా చూచి రావలెనని సంకల్పించుట మాకు సంతోషకరము. కాని బయలుదేరుటకు ముందు వారు మన పూర్వు నొకని స్మరింపవలెను.

ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాషీ. ఆయన 1830 మే 18వ తేదీన సుమారు నూరుమంది పరివారముతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన మరల ఇల్లు చేరెను. దారిలో నిజాము రాజ్యమును, నాగపురపు భోంసలే రాజ్యమును, కుంఫిణీ సీమలను దాటెను. మజిలీలయందలి నీటి వసతిని, అంగళ్లను, బాటల తీరును గమనించి మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసెను. ఆ లేఖలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యెను.

నేటి యాత్రికునికి సరిహద్దుల బాధ తగ్గినది. 1985లో లక్సెంబర్గులోని షెంగెను గ్రామము చెంత ఐదు దేశములు చేసికొన్న ఒడంబడిక నేడు 29 దేశములకు వ్యాపించినది. తమ్మిలేరు, బుడమేరు కొల్లేట కలిసి ఉప్పుటేటి దారినే కడలి చేరునట్లు, ఆ దేశములన్నిటికిని ఒక్క వీసాయే దారి. 180 దినములలో 90 దినములకు మించి యుండరాదు. బ్రిటను, ఐర్లండులకు అనుమతి వేరు. ఎక్కువ దినము లుండు దేశము వారికే దరఖాస్తు పెట్టవలెను గనుక, ఎచట నెన్నాళ్లుండునో తేల్చుకొననివానికి ఏ వాకిట నిలువవలెనో తెలియదు.

తలుపు తెరచియున్నదని పది రాజధానులు చుట్టువాడు రైలు కిటికీలనే చూచి వచ్చును. చేనో చేపలచెరువో ఇచ్చిన సొమ్ము అందులకు వ్యయము కాదగదు. రెండు దేశములే చూడుడు. చూచినది వ్రాసి ఊరి గ్రంథాలయమున కిండు. అప్పుడు ఆ యాత్ర మీ యొక్కరిదే కాదు.