బోర్లించిన రెక్క

నా చిన్నతనంలో ఒక తుఫాను రాత్రి మా వంటింటి రేకులు లేచిపోయాయి. తెల్లారి నాయనమ్మ పెరట్లో నిలబడి, "గాలి తొయ్యలేదురా, పైకి లాక్కుపోయింది" అంది. మేమంతా నవ్వాం. ఆవిడ చెప్పింది అచ్చంగా సైన్సేనని చాలా ఏళ్ళ తర్వాత గాని నాకు తెలియలేదు. కప్పు మీదుగా గాలి ఉరికినప్పుడు పైన ఒత్తిడి పడిపోతుంది. లోపలి గాలి రేకును ఎత్తేస్తుంది. విమానం రెక్క చేసే పనీ రమారమి ఇదే.

రేసు కార్ల కథ నాకు నచ్చడానికి ఆ రేకే కారణం. పైన వంపుగా, కింద చదునుగా వున్న కారు వేగం హెచ్చేకొద్దీ తేలికవుతుంది. తేలికైతే టైరుకు నేల మీద పట్టు తప్పుతుంది. పోనీ బరువు పెంచుదామా అంటే, బరువైన బండి మలుపు తిరగనని మొరాయిస్తుంది. కావలసింది బరువు లేని బరువు!

విమానం రెక్క పైకెత్తితే, అదే రెక్క బోర్లిస్తే కిందికి నొక్కాలి కదా? 1956లో మైకేల్ మే అనే స్విస్ ఇంజనీరు అలాంటి రెక్కనొకదాన్ని తన పోర్షె కారుకు, డ్రైవరు తల మీదుగా బిగించి, జర్మనీలోని నూర్బుర్గ్‌రింగ్ రేసుకు తెచ్చాడు. నిర్వాహకులు ఒప్పుకోలేదు. పదేళ్ళకు, 1966లో, అమెరికాలో జిమ్ హాల్ తన చాపరల్ కారు మీద ఎత్తుగా రెక్క నిలబెట్టాడు. 1968కల్లా ఆ విద్య ఫార్ములా వన్‌కు పాకింది. ఒకరిని చూసి ఒకరు సన్నని కమ్మీల మీద రెక్కలు లేపారు.

1969 మే 4, బార్సిలోనా. ట్రాక్ మీద ఒక మిట్ట దాటే చోట గ్రాహం హిల్ నడిపే లోటస్ కారు వెనక రెక్క కూలింది. కారు కట్టకు కొట్టుకుంది. కొంతసేపటికి అదే చోట, అదే కంపెనీ కారులో యోకెన్ రింట్‌కూ అదే గతి పట్టింది. పోయి పోయి హిల్ కారు శకలాలకే గుద్దుకున్నాడు. హిల్‌కు ఏమీ కాలేదు. రింట్‌కు ముఖం ఎముకలు విరిగాయి. రెక్కలు వద్దంటూ ఆయన బహిరంగ లేఖ రాశాడు. ఆ నెలలోనే మొనాకోలో ఎత్తు రెక్కల్ని నిషేధించారు. తర్వాత పొట్టి రెక్కలు కారు ఒంటికి అంటిపెట్టుకుని వచ్చాయి.

మరుసటి ఏడు సెప్టెంబరు 5న మోంజాలో, తిన్నని దారిలో వేగం కోసం రెక్కలు తీసేసిన కారులో రింట్ ప్రాక్టీసు చేస్తున్నాడు. బ్రేకు వేసే చోట కారు అదుపు తప్పింది. ఆయన దక్కలేదు. ఆ ఏటి ప్రపంచ చాంపియన్ ఆయనే. పోయాక ఆ బిరుదు పొందినవాడు మరొకడు లేడు. రెక్క వుంటే బతికేవాడని నేననను; బ్రేకు షాఫ్టు విరిగిందన్నారు. అయినా రెక్కల్ని నమ్మని మనిషి రెక్కల్లేని కారులో పోవడం తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

తర్వాత లోటస్ అధిపతి కోలిన్ చాప్‌మన్ బృందం, వేరే రెక్క దేనికి, కారు అడుగునే రెక్క చేస్తే సరి అనుకుంది. అడుగున వంపు పెట్టి, పక్కల నేలను రాసుకునే తెరలు కట్టారు. ఇరుకులో గాలి ఉరికి, ఒత్తిడి తగ్గి, కారును నేల లాక్కుంది. నాయనమ్మ గాలి తలకిందులైందన్నమాట! 1978లో ఆ కారుతోనే మారియో ఆండ్రెట్టి చాంపియన్ అయ్యాడు. కాని తెర ఎక్కడైనా ఇరుక్కుని పైనే వుండిపోతే, మలుపు మధ్యలో పట్టు చటుక్కున జారిపోయేది. ఆ జారే తెరల్ని 1981లో ఆపారు. 1983లో అడుగు చదునుగా వుండాలన్నారు. 2022లో అడుగున వంపుల్ని మళ్ళీ రానిచ్చారు. కార్లు తిన్నని దారిలో కుప్పిగంతులు వేసి డ్రైవర్ల నడుములు విరగ్గొట్టినంత పని చేశాయి.

తుఫాను తర్వాత మా నాన్న కొత్త రేకులు వేయించి, వాటి మీద ఇసుక బస్తాలు పెట్టించాడు. నాయనమ్మ కిందనుంచి చూసి, "బస్తాల మాటకేంగాని, మేకులు గట్టివేనా?" అని అడిగింది.

బార్సిలోనాలో ఆ ప్రశ్న ముందుగా అడిగినవాళ్ళు లేకపోయారు.