ఓ క్లేరీ: అనువాదంలో తప్పిపోయిన ఇంటిపేరు

ఈ ఎపిసోడ్ ఒక బగ్‌తో మొదలైంది. ఉద్యోగం చేసే రోజుల్లో నేను రాసిన ఒక ఫారమ్, ఇంటిపేరులో అపాస్ట్రఫీ వస్తే చాలు, ఎర్రర్ కొట్టేది. దొరికిపోయిన పేరు ఓ'క్లెరీ. ఆ గుర్తు తీసేసేలా కోడ్ మార్చి టికెట్ క్లోజ్ చేశా. ఆ పేరుకి ఇలా జరగడం కొత్త కాదని తర్వాత తెలిసింది.

ఐర్లాండ్ గేలిక్‌లో అసలు పేరు 'ఓ క్లేరీ'. 'ఓ' అంటే మనవడు, వంశస్థుడు. మూలపురుషుడి పేరు క్లేరెఖ్. ఆ మాటకి మతగురువు, రాత పని చేసేవాడు అని అర్థం. మన 'కరణం' ఇంటిపేరు గుర్తొచ్చిందా? కాకపోతే ఇక్కడ అది ఆయన ఉద్యోగం కాదు, పేరు. ఈ తేడా గుర్తుంచుకోండి, పనికొస్తుంది.

గాల్వే దక్షిణాన ఒక ప్రాంతాన్ని ఏలిన టియర్నాఖ్ ఓ క్లేరీ 916లో చనిపోయినట్టు ఐరిష్ వార్షిక చరిత్రల్లో ఉంది. యూరప్‌లో తొలి వంశపారంపర్య ఇంటిపేర్ల గురించి ఎవరు మాట్లాడినా ఈ పేరు వస్తుంది. తర్వాత ఆ రాజ్యం పోయింది. ఒక శాఖ డోనెగల్ చేరి, ఓ'డొనెల్ ప్రభువులకు ఆస్థాన చరిత్రకారులైంది. పోషకులైన ఆ ప్రభువులు కూడా 1607లో ఓడెక్కి దేశం వదిలేశారు.

అప్పుడు మిహాల్ ఓ క్లేరీ చేసిన పని చూడండి. లూవెన్‌లో సన్యాసిగా ఉన్న ఆయన్ని 1626లో ఐర్లాండ్ పంపారు. ఊరూరా తిరిగి, పాత తాళ్లు... సారీ, తాళపత్రాలు మనవి, వాళ్లవి తోలు ప్రతులు! అవి నకలు తీశాడు. 1632 నుంచి 1636 వరకు, మరికొందరు పండితులతో కలిసి, జలప్రళయం నుంచి 1616 దాకా ఐర్లాండ్ చరిత్ర మొత్తం రాశాడు. 'నలుగురు ఆచార్యుల చరిత్ర' అంటే అదే. ఆ నలుగురిలో ఇద్దరు ఓ క్లేరీలే.

అందరి చరిత్రా రాసిపెట్టిన వంశానికి సొంత పేరే మిగల్లేదు. ఇంగ్లీషు పాలన బిగిసేకొద్దీ ముందు 'ఓ' ఊడింది. తర్వాత చాలామంది పేరునే అనువాదం చేసి 'క్లార్క్' అయ్యారు. అసలు చిక్కు ఇక్కడే. ఇంగ్లండ్, స్కాట్లండ్ నుంచి వలసొచ్చిన క్లార్క్‌లూ అక్కడే ఉన్నారు. పేరు చూసి ఎవరు ఎవరో చెప్పలేం. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గేలిక్ ఉద్యమం వచ్చాక చాలా కుటుంబాలు 'ఓ' మళ్లీ తగిలించుకున్నాయి. మరి క్లార్క్ ముందు 'ఓ' పెడితే ఏమొస్తుంది?

ఇంకోటి. ఆ అపాస్ట్రఫీ కూడా ఇంగ్లీషు వాళ్ల రాతే. గేలిక్‌లో 'ఓ' అక్షరం మీద ఏటవాలు గీత ఉంటుంది, అంతే. మా ఫారమ్‌లో అది టైప్ చేసి చూడాలని నాకప్పుడు తట్టనే లేదు.