బయాప్సీ స్లైడ్ మీద ఆ నీలం, గులాబీ రంగులు ఎక్కడివి?

ఒంట్లో ఎక్కడైనా గడ్డ కనిపిస్తే డాక్టర్ చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపుతారు కదా, బయాప్సీ అంటాం. ఆ ముక్కని పల్చగా కోసి ఊరికే మైక్రోస్కోప్ కింద పెడితే దాదాపు ఏమీ కనపడదు. రంగు వెయ్యాలి. ఆ రంగు సరిగ్గా పట్టకపోతే? క్యాన్సర్ ఉందా లేదా అన్న మాటే తేడా పడొచ్చు.

కథ మెక్సికోలో మొదలవుతుంది. అక్కడి కాంపెచే ప్రాంతంలో లాగ్‌వుడ్ అనే చెట్టు ఉంది. దాని చేవ నుంచి వచ్చేదే హిమటాక్సిలిన్. స్పెయిన్ వాళ్లు ఆ కలపని యూరప్‌కి తెచ్చారు, బట్టలకి అద్దారు. కానీ ఇంగ్లండ్‌లో ఆ రంగు వెలిసిపోతోందని గోల. 1581లో, ఎలిజబెత్ రాణి కాలంలో, ఏకంగా చట్టం చేసి నిషేధించారు. 1662లో గానీ ఆ నిషేధం ఎత్తెయ్యలేదు. చూశారా, రంగు నాణ్యత మీద గొడవ ల్యాబ్‌ల కంటే పాతది!

తప్పు చెట్టుది కాదు. రంగు గట్టిగా పట్టాలంటే మధ్యలో ఒక లోహపు ఉప్పు కావాలి. మన పెడన కలంకారీలో పటిక చేసే పని అదే. 1865లో బోమర్ హిమటాక్సిలిన్‌కి పటిక కలిపాడు. 1876లో విసోజ్కీ దానికి ఇయోసిన్ జోడించాడు. కణం కేంద్రకం నీలం, చుట్టూ గులాబీ. ఈరోజుకీ ప్రపంచమంతా ఇదే జంట.

మరి చిక్కెక్కడ? అప్పట్లో మంచి రంగులు జర్మనీ నుంచే వచ్చేవి. మొదటి ప్రపంచ యుద్ధంతో అమెరికాకి సరఫరా ఆగింది. అక్కడి కంపెనీలు సొంతంగా తయారుచేశాయి గానీ, సీసా మీద పేరు ఒకటే, లోపల సరుకు వేరువేరు. దాంతో 1920ల మొదట్లో హెరాల్డ్ కాన్ అనే బ్యాక్టీరియా శాస్త్రవేత్త ముందుండి ఒక కమిషన్ నడిపించాడు. కంపెనీ పంపిన ప్రతి బ్యాచ్‌నీ పరీక్షించి, పాసైతేనే సర్టిఫికెట్. అదే 1944 నుంచి బయోలాజికల్ స్టెయిన్ కమిషన్.

అయితే మంచి సీసా కొంటే సరిపోదు. ద్రావణం రోజూ వాడేకొద్దీ నీరసపడుతుంది. అందుకే మంచి ల్యాబ్‌లో ముందు ఒక కంట్రోల్ స్లైడ్‌కి రంగు వేసి చూస్తారు. కేంద్రకాలు స్పష్టంగా ఉన్నాయా, గులాబీ మరీ ముదిరిందా అని. అది బాగుంటేనే పేషెంట్ల స్లైడ్లు. రిపోర్ట్ మీద సంతకం డాక్టర్‌దే ఫ్రెండ్స్, కానీ ఆ సంతకం నిలబడేది పొద్దున్నే టెక్నీషియన్ చూసిన ఆ ఒక్క స్లైడ్ మీద.