ఇనుము కరిగెను, ప్లాటినము నిలిచెను

మెదడులోని ధమని గోడ ఒకచోట బలహీనపడినచో, రక్తపు ఒత్తిడికి అది చిన్న తిత్తివలె ఉబ్బును. దీనిని ఎన్యూరిజమ్ అందురు. పగిలినచో ప్రాణాపాయము. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ పుర్రె తెరచి, తిత్తి మెడకు వెండి క్లిప్పు బిగించెను. దశాబ్దములపాటు వైద్యులు ముఖ్యముగా ఈ మార్గమునే అనుసరించిరి.

పుర్రె తెరువకుండ, రక్తనాళములోనుండియే పోరాదా? మాస్కోలో ఫ్యోదర్ సెర్బినెంకో సన్నని గొట్టము కొనకు రబ్బరు బుడగ కట్టి పంపి, లోపల విడిచిపెట్టెను. 1974లో ఆ ఫలితములు అమెరికా పత్రికలో వెలువడినవి. కాని బుడగ ఆకారము తిత్తికి సరిపోదు. దాని ఒత్తిడికి గోడ పగిలిన సందర్భములును కలవు.

1980 ప్రాంతమున ఇటలీ వైద్యుడు గిడో గుగ్లియెల్మి, విద్యుత్తుతో తిత్తిలోని రక్తమును గడ్డకట్టింపదలచి, జంతువులపై ఉక్కు తీగెతో ప్రయోగములు చేయుచుండెను. ఒకమారు తీగె కొన ఊడి లోపలనే ఉండిపోయెను. మరొకరైనచో విసుగుకొనెడివారే! జరిగినది మనము తరగతిలో చూపు విద్యుద్విశ్లేషణమే: ధనధ్రువమైన ఇనుము అయానులుగా మారి రక్తములో కరిగినది.

తరువాత లాస్ ఏంజలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆయన, ఉక్కు తీగె చివర మెత్తని ప్లాటినపు చుట్టను అమర్చెను. తొడ ధమనినుండి గొట్టము ద్వారా దానిని తిత్తిలోనికి పంపుదురు. సరిగా అమరనిచో వెనుకకు లాగవచ్చును. అమరినచో సుమారు 1 మిల్లీఆంపియరు విద్యుత్తు చాలును. ఉక్కు కరుగును, ప్లాటినము కరుగదు. 1990లో తొలి రోగికి ఈ చికిత్స జరిగెను.

తిత్తి పగిలిన 2,143 మందిపై జరిపిన పరిశీలన 2002లో వెలువడినది. ఏడాది గడచునప్పటికి మరణించినవారు, పరాధీనులైనవారు కలిసి క్లిప్పు పద్ధతిలో 30.6 శాతము, చుట్ట పద్ధతిలో 23.7 శాతము. అయితే చుట్టలు కాలక్రమమున అణగి తిత్తి మరల తెరచుకొనవచ్చును. అందుచేత రోగి కొన్నేండ్లపాటు చిత్రములు తీయించుకొనుచుండవలెను.